ఖాసింబీ నోటికి మాఫీ

గద్వాల
2024 ఫిబ్రవరి 11

తమ్ముడు ఇలియాస్‌కు, మంజులకు, బిడ్డ ఫరాకు దువాలు.

మీరు మన్ననూర్ చేరారని తెలిసింది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అమ్మ మంచం గోడకు ఆనించాను. పిల్లలు మళ్లీ ఖురాన్ పాఠానికి వస్తున్నారు.

ఒక సంగతి మనసులో ముల్లులా ఉంది. అమ్మ జనాజా ముందు నిలబడి నువ్వు, "మా అమ్మ నోటితోని ఎవరికన్న నొప్పి అయితే మాఫ్ చేయుండ్రి" అని అడిగావు. కొడుకుగా అడగవలసిన మాటే. కానీ అందరూ నవ్వారట. నవ్వుకుంటూ మోసుకుపోయి, మట్టి ఇచ్చి వచ్చారట. "మాఫ్ చేసినం" అని ఒక్కరి నోటి నుంచీ రాలేదట. ఆడవాళ్ల వైపు ఉన్న నాకు ఇది ఆలస్యంగా తెలిసింది.

నవ్వు మాఫీ కాదు. నోటితో తగిలిన దెబ్బకు నోటితోనే మాఫీ రావాలి. అది రాకుండా అమ్మ అక్కడ ఎలా ఉందో నాకు తెలియదు. ఏడాది తిరిగి బర్సీ వచ్చే లోపల అమ్మ మాట పడ్డవాళ్లందరినీ ఇంటికి వెళ్లి అడుగుదాం. గద్వాల, వనపర్తి నేను చూస్తాను. నాగర్‌కర్నూల్ నువ్వు చూడు.

నమాజు తప్పకు.

అక్క సాబిరా


మన్ననూర్
2024 ఫిబ్రవరి 27

అక్కకు సలాం.

ఫోన్ చేస్తే "ఊఁ" అని పెట్టేస్తావు. ఉత్తరంలో మాత్రం ఇంత మాట్లాడావు. అందుకే నేనూ ఉత్తరమే రాస్తున్నా. కవరు అడిగితే పోస్టాఫీసు ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు, కోర్టు కేసు ఏమైనా ఉందా అని.

జనాజా దగ్గర జరిగింది సరిగ్గా చెప్తా విను. నేను ఏడుపు గొంతుతో అడిగాను. వరుసలో వెనక నుంచి కురుమూర్తన్న, బట్టల కొట్టాయన, అన్నాడు: "ఎంతమందిని అడుగుతవు తమ్మీ? పేరుపేరున అడిగితె పొద్దుగూకుతది." ముల్లా సాబ్ కూడా గడ్డంలో నవ్వు దాచుకున్నాడు. నాకే నవ్వొచ్చింది అక్కా, ఏం చెయ్యను. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చి ముక్కు కారింది.

ఇప్పుడు నువ్వేమో ఇల్లిల్లూ తిరుగుదామంటున్నావు. కోట ముందర పరుపుల కొట్టు పెట్టుకుని నలభై ఏళ్లు కూర్చున్న మనిషి ఆమె. దూదేకులోళ్ల ఇంట్లో పుట్టి దూది ఏకడం ఎంత నేర్చిందో మనుషులను ఏకడం అంతకు రెండింతలు నేర్చింది. పాత పరుపు విప్పిందంటే ఆ ఇంటి సంసారం మొత్తం చెప్పేది. గుంత ఎక్కడ పడింది, దూది ఎక్కడ ఉండకట్టింది, ఎవరు ఎటు తిరిగి పడుకుంటున్నారు, అంతా. అది కూడా నడిబజార్లో, మైకు అక్కర్లేకుండా.

బీచుపల్లి జాతరలో తలగడలు అమ్ముతుంటే ఒకాయన, "ఆంజనేయస్వామి పేరు మీద జర తక్కువకియ్యమ్మా" అన్నాడు, గుర్తుందా? "ఆయన పర్వతమే మోసిండు, ఎన్నడన్న తలగడ అడిగిండా? అడిగేది నువ్వు. పైసలిచ్చేది నువ్వు" అంది. ఆయన రెండు కొనుక్కుని పోయాడు. ఆయన్ని ఎక్కడని వెతకాలి?

సరే. నువ్వు చెప్పావు కాబట్టి పోతాను. నీ మాట కాదంటే నువ్వు తిట్టవు, దువా చేస్తావు. అది ఇంకా భయం.

గాలి తగ్గిన టైరు ఒకటి పిలుస్తోంది. ఉంటా.

ఇలియాస్, పంచర్ షాపు ఓనరు, అడవి గేటు దగ్గర


గద్వాల
2024 మార్చి 30

తమ్ముడికి దువాలు.

రంజాన్ కనుక ఎక్కువ తిరగలేకపోయాను. ఇఫ్తార్‌కు ముందు కురుమూర్తన్న ఇంటికి మాత్రం వెళ్లాను.

ఆయన పరుపు కథ నీకు తెలుసు. అమ్మ దాన్ని కొట్టు ముందు పరిచి, "కురుమూర్తన్నా, రెండు పక్కల రెండు గుంతలు, నడుమ గుట్ట. ఇది పరుపా, పొలం గట్టు పంచాయితా?" అంది. ఆయన ఏడాది పాటు మన కొట్టు వైపు చూడలేదు.

నేను అడిగాను. ఆయన భార్య సరోజ అంది: "మాఫీ ఏంది సాబిరా? అప్పటికి ఆరు నెలల సంది ఈయన నాతోని మాటలేదు. ఆ దినం ఇంటికొచ్చి మీ అమ్మను తిట్టనీకె నోరు తెరిచిండు. తిట్టి తిట్టి గొంతు ఎండితె నీళ్లు అడిగిండు. గట్ల మొదలైనయి మాటలు."

"మాఫ్ చేసినట్టేనా?" అని మళ్లీ అడిగాను.

"చేసిన, చేసిన," అన్నాడు కురుమూర్తన్న. "కని గట్టు అన్నది మాత్రం ఎక్కువైంది."

ఇద్దరూ ఖర్జూరాలు ఇచ్చారు. మాట వచ్చింది.

అక్క


మన్ననూర్
2024 మే 5

అక్కకు సలాం. ఈద్ కమ్మగా జరిగింది. మంజుల సేమ్యా చేసింది. నువ్వు చేసే దానికంటే బాగుంది, ఎవరికీ చెప్పకు.

నాగర్‌కర్నూల్ పోయి వచ్చా. ఆటో యాదయ్య తెలుసు కదా. నడుము నొప్పి అని సీటు మీదికి మెత్త కుట్టించుకోవడానికి భార్య రాధమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మ ఆయన నడుము మీద ఒక్కటి చరిచి, "ఇది సీటుతోని వచ్చిన నొప్పి గాదు. బండి నడుపుకుంట ఎనుకకు తిరిగి ఆడోళ్లతోని ముచ్చట పెడ్తె వచ్చే నొప్పి" అంది. రాధమ్మ ముందరే.

స్టాండులో పట్టుకుని అడిగా. యాదయ్య అటూ ఇటూ చూసి, "నేనైతే ఎప్పుడో చేసిన భాయ్, మా ఇంటామె చెయ్యనిస్తలేదు" అన్నాడు. అంటే ఏమిటని ఇంటికి పోయా. రాధమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. "ఆమెకు మాఫ్ చేసుడు ఏంది? తప్పు చేసినోళ్లకు గదా మాఫీ. ఆమె ఏం తప్పు అన్నది?" అని నా మీదికే వచ్చింది. యాదయ్య గడప బయటే ఆగిపోయాడు.

ఇది మాఫీ కిందికి వస్తుందా రాదా నువ్వే ముల్లా సాబ్‌ను అడుగు. నాకు మాత్రం ఒకటి అర్థమైంది అక్కా. మనం మాఫీ అడగడానికి పోతే వాళ్లు మనకు అమ్మను చెప్తున్నారు, నాకు తెలియని అమ్మను కూడా. యాదయ్య కొడుకు జ్వరంతో ఉంటే వాళ్లింట్లో మూడు రోజులు కూర్చుందట. మూడు రోజులూ యాదయ్యను తిట్టిందట.

నువ్వు వనపర్తి హుసేన్‌బీ అత్త దగ్గరికి ఎప్పుడు పోతావు? నాన్న అక్క కనుక ఆమెకు పెద్దరికం ఎక్కువ. జాగ్రత్త. పోయేటప్పుడు ఏదైనా తిని పో, ఆమె తిననివ్వదు.

ఇలియాస్


గద్వాల
2024 జూలై 21

తమ్ముడికి దువాలు.

మోకాళ్ల నొప్పి వల్ల ఆలస్యమైంది. వనపర్తి వెళ్లి వచ్చాను. టీ ఇచ్చారు. చక్కెర వేయలేదు.

అత్త అమ్మ మాటను అక్షరం పోకుండా చెప్పింది. "నీ తలగడల దూది లేదు వదినే, అన్ని చాడీలే ఉన్నయి. గందుకే నీకు మెడనొప్పి." పెళ్లివాళ్ల మధ్య అన్నదట. చెప్పేటప్పుడు ఇప్పుడే విన్నట్టు ఎర్రబడింది.

నేను మాఫీ అడిగాను. సాయంత్రం అసర్ వేళ అయింది. నమాజు చేసుకున్నాను. లేచేసరికి అత్త అంది: "మాఫ్ చేసిన తీయ్. మరిచిపొమ్మంటె మాత్రం నాతోని గాదు."

అది చాలు.

గద్వాల, వనపర్తి అయిపోయాయి. మిగిలింది మీ ఇంట్లోనే ఒకరు. నువ్వే చూసుకో.

అక్క


మన్ననూర్
2024 ఆగస్టు 4

అక్కకు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు షాపు సరిగ్గా తెరవలేదు. "మీ ఇంట్లోనే ఒకరు" అని రాశావు. నేనే కదా? సొంత కొడుకు అమ్మ మీద కోపం పెట్టుకున్నాడని నీ అనుమానం. ఇంత కాలం ఎలా దాచుకున్నావు ఆ మాట?

అవును, అంది. పంచర్ షాపు తెరిచిన రోజు గద్వాల నుంచి వచ్చి, రిబ్బను కత్తిరించే ముందు, నలుగురిలో: "వీనికి గాలి కొట్టుడు ఒకరు నేర్పాల్నా? పుట్టినప్పటి సంది అదే జేస్తుండు." ఫారెస్టు గార్డులు ఇప్పటికీ నన్ను చూసి అదే అంటారు. ఆ మాటతోనే నా షాపు ఊరికి తెలిసింది. పేరు బోర్డు రాయించే ఖర్చు మిగిలింది.

నేను ఇలియాస్, ఖాసింబీ కొడుకును, నిండు మనసుతో, పానా పక్కన పెట్టి, చేతులు కడుక్కుని మాఫ్ చేశాను. చాలా? సాక్షి కావాలంటే ఫరా ఉంది. టీవీ చూస్తోంది.

నిన్ను కూడా అంది తెలుసా, నీ వెనక. "నా పెద్ద బిడ్డ దువా చేస్తె పైనోడు కూడ చెవి దగ్గర పెట్టాలె, గంత మెల్లగ చేస్తది." కోపంలో చెప్పేశాను. వేరే వాళ్లు చెప్పే కంటే నేను చెప్పడమే మంచిది.

ఇలియాస్


గద్వాల
2024 ఆగస్టు 14

తమ్ముడికి దువాలు.

నువ్వు కాదు. మంజుల.

దువా సంగతి నాకు తెలుసు. నా ముందే అంది.

అక్క


మన్ననూర్
2024 ఆగస్టు 29

అక్కకు సలాం.

మంజులను అడిగాను. చేసింది. అంతా బాగున్నాం. వానలు బాగా పడుతున్నాయి.

ఇలియాస్


గద్వాల
2024 సెప్టెంబర్ 8

తమ్ముడికి దువాలు.

నిజం చెప్పేటప్పుడు నువ్వు రెండు పేజీలు రాస్తావు. ఈసారి మూడు వరుసలు, అందులో ఒకటి వానలకు. మంజుల ఏమంది?

బర్సీ రోజు ఫాతెహా అన్నం మొదటి పళ్లెం మన ఇంట్లో కోడలే పెట్టాలి. నానమ్మకు అమ్మ పెట్టింది. మనసులో మాట ఉంచుకుని పెట్టరాదు.

అక్క


మన్ననూర్
2024 సెప్టెంబర్ 22

అక్కకు సలాం.

పట్టుకున్నావు. రాస్తాను, రెండు పేజీలూ రాస్తాను.

మా పెళ్లైన కొత్తలో అమ్మ బూరుగు దూదితో పరుపు కుట్టి బస్సు మీద వేసుకుని ఇక్కడికి తెచ్చింది కదా. మంజుల ఒక్క రాత్రి పడుకుంది. పుట్టినప్పటి నుంచి నేల మీద చాప వేసుకున్న మనిషి, మెత్తదనానికి ఒళ్లంతా నొప్పులు. తెల్లారి పరుపు చుట్టి మూలకు పెట్టింది. ఆ చుట్టలో కోడి చేరి గుడ్లు పొదిగింది. మళ్లీ అమ్మ వచ్చేసరికి కోడి పరుపులో రాణిలాగా కూర్చుని ఉంది.

ఏమందో నీకు తెలుసు. మంజుల అమ్మానాన్నల ముందు, వాళ్ల అడవి గూడెం చెంచు పెంట నుంచి వచ్చిన పెద్దల ముందు, మన హుసేన్‌బీ అత్త ముందు: "నా పరుపు మీద పండుకోనిది నా కోడలు గాదు. ఇగో, ఈ కోడే నా కోడలు." ఊరు మొత్తం నవ్వింది. ఆ తర్వాత కూడా వచ్చిన ప్రతిసారీ గడప దాటకముందే, "నా కోడలు మంచిగున్నదా?" అని అడిగేది, కోళ్ల గూడు వైపు చూసి. పన్నెండేళ్లు అక్కా. ఆ మాట ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదు.

నేను నీ మాటగా మంజులను మాఫీ అడిగాను. చేతిలో గంటె ఉంది. గంటె పొయ్యి మీద పెట్టి, "నేను చెయ్య" అంది. ఎందుకని అడిగితే మళ్లీ గంటె చేతిలోకి తీసుకుంది. నేను షాపుకు పోయా.

నీ పోయిన ఉత్తరం ఆమెకు చదివి వినిపించడం నా బుద్ధి తక్కువ. "మనసులో మాట ఉంచుకుని పెట్టరాదు" అన్నది విని, "అంటె మాఫ్ చెయ్యకుంటె నన్ను రావద్దంటున్నదా మీ అక్క? అమ్మ కోడలు గాదన్నది, అక్క పళ్లెం ముట్టొద్దంటుంది. ఇగ నేనెందుకు వస్త? కోడిని తోలుకపో" అంది.

అప్పటి నుంచి ఆమె నాతో ఫరా ద్వారా మాట్లాడుతోంది. కోడలు లేకుండా బర్సీ చేస్తే నేనూ రాను. ఇది బెదిరింపు కాదు. రాలేను.

ఇలియాస్


గద్వాల
2024 అక్టోబర్ 2

వచ్చే గురువారం వస్తున్నాను. బస్టాండుకు రా. మీ ఇంట్లో భోజనం చేస్తాను, మంజులకు చెప్పు.

సాబిరా


మన్ననూర్
2024 అక్టోబర్ 15

అక్కకు సలాం.

నువ్వు వచ్చావు. నాలుగు బస్సులు మారి వచ్చావు, ఆ మోకాళ్లతో. వచ్చి నన్ను, "పోయి షాపు చూసుకో" అన్నావు. నా ఇంట్లోంచి నన్నే.

అడవి గేటు మూసే వేళకు ముందు నిన్ను బస్సెక్కించాను. దారి పొడుగునా ఏమీ చెప్పలేదు. మంజులను అడిగితే, "ఆడోళ్ల ముచ్చట" అంటోంది. నవ్వుతోంది కూడా. నాతో నేరుగా మాట్లాడుతోంది. అంతకంటే భయం ఏముంది?

మాఫ్ చేసిందా లేదా? బర్సీకి వస్తుందా రాదా? నువ్వు ఆమెకు ఏం చెప్పావు? తలుపు పక్కన నిలబడి విందామంటే ఫరా కాపలా కాసింది.

ఇలియాస్, సొంత ఇంట్లో పరాయివాడు


గద్వాల
2024 అక్టోబర్ 27

తమ్ముడికి దువాలు.

నేను పెద్దగా ఏమీ చెప్పలేదు. తిన్నాను. ఎండు చింతచిగురు పప్పు బాగుంది. తిన్న తర్వాత, "పళ్లెం ముట్టొద్దని నేను అనలేదు. నీ మనసు కష్టపెట్టి పెట్టించరాదు అన్నాను" అని చెప్పాను. ఇంకా రెండు వాక్యాలు రాసి ఉంటే ఇంత కాకపోవును.

ఆమె దవాఖాన సంగతి చెప్పింది. చివరి వారంలో మంజుల అమ్మ దగ్గర ఉన్న రోజుల సంగతి. నువ్వు మందులకని బయటికి పోయావట. నేను నమాజుకని లేచానట. మంజుల కాళ్లు పిసుకుతుంటే అమ్మ కళ్లు తెరిచి అందట: "కోడలు గాని దానివి, నా కాళ్లు ఎందుకు పట్టుకున్నవే?"

మంజుల అందట: "నీ కోడలికి చేతులు లేవు గద. రెక్కలతోని పిసకరాదని నేనొచ్చిన."

అమ్మ నవ్వింది. ముక్కుకు పెట్టిన గాలి గొట్టం ఊడిపోయేంతగా. నర్సు పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ తిట్టింది. అమ్మ నర్సును కూడా ఏదో అంది. ఆ నర్సు పేరు తెలియదు, ఆమె దగ్గర మాఫీ ఎలా అడగాలో ఆలోచిస్తున్నాను.

ఆ తర్వాత మంజులను అడిగాను, మాఫ్ చేస్తావా అని. ఆమె మాట ఆమె అన్నట్టే రాస్తున్నాను.

"చెయ్య వదినే. మాఫీ బయటోళ్లు జేస్తరు, చేతులు దులుపుకొని పోతరు. అత్తకు కోడలు మాఫ్ చేసుడు ఏడన్న ఉన్నదా? కోపం పెట్టుకునేది కోడలే. నేను మాఫ్ చేసిన్నంటె ఆమె అన్న మాటనే నిజమైతది."

  దారంతా ఆ మాటే ఆలోచించుకుంటూ వచ్చాను.

ఇక ఆమెను అడగవద్దు. బర్సీకి వస్తుంది. పళ్లెం ఆమే పెడుతుంది. మాఫీ లేకుండా పెడితే అల్లా ఏమంటాడో నేను చూసుకుంటాను. ఈసారి కాస్త గట్టిగా అడుగుతాను.

అక్క


మన్ననూర్
2025 జనవరి 24

అక్కకు సలాం.

క్షేమంగా చేరాం. బర్సీ బాగా జరిగింది. మటన్‌లో ఉప్పు ఎక్కువైందని కురుమూర్తన్న అన్నాడు, మూడుసార్లు వడ్డించుకుని. అమ్మ ఉంటే ఆయనకు జవాబు దొరికేది.

కానీ ఒకటి చెప్పు. బయట మగవాళ్లను నేను వరుసగా కూర్చోబెడుతున్నా. లోపల ఆడవాళ్ల వైపు ఏదో అయింది.  ఆ తర్వాత రాధమ్మ నవ్వు గోడ దాటి వచ్చింది. హుసేన్‌బీ అత్త అన్నం ముట్టకుండా లేచి వచ్చి, "ఆటో పిలువు" అంది. యాదయ్య ఆటోలో కూర్చుని, "మీ అక్కకు అమ్మ పూనింది" అంది.

మంజులను అడిగితే అన్నం గిన్నె నా చేతిలో పెట్టి పొమ్మంది. మా అక్క ఎవరినీ ఏమీ అనదు, అది ఊరందరికీ తెలుసు. మరి అత్త ఎందుకు పోయింది? ఫాతెహా రోజు పెద్ద మనిషి ఆకలితో ఇల్లు వదిలి పోవడం మంచిది కాదు కదా. నన్ను వనపర్తి పోయి మాట్లాడమంటావా?

ఇలియాస్


గద్వాల
2025 ఫిబ్రవరి 3

తమ్ముడికి దువాలు.

వనపర్తి పోవద్దు.

జరిగింది ఇది. మంజుల మొదటి పళ్లెం చేతిలోకి తీసుకుంది. అత్త అంది: "ఆగు. ఖాసింబీ నలుగురి ముందల నిన్ను కోడలు గాదన్నది. నా చెవులతోని విన్న. సచ్చిపోయినామె మాట దాటరాదు. పళ్లెం యాస్మిన్ పెడ్తది." యాస్మిన్ అత్త మనవరాలు. ఆ పిల్లకు ఏమీ తెలియదు, తల వంచుకుని నిలబడింది.

మంజుల పళ్లెం కింద పెట్టబోయింది. ఆమె మొహం నేను చూశాను.

నేను అన్నాను: "అత్తా, అమ్మ అన్నవన్నీ ఖాయం అంటున్నవు గద. అయితే నిన్నన్నది కూడ ఖాయమే. ఈడ తెలువనోళ్లున్నరు. చెప్పాల్నా?"

"చెప్పు చూద్దాం," అంది అత్త.

చెప్పాను. ఆ తలగడల దూది మాట, మెల్లగానే చెప్పాను. కానీ గదిలో అంత నిశ్శబ్దం ఉంటే మెల్లగా అన్నదీ వినిపిస్తుంది. చివరి మాట మాత్రం నాదే కలిపాను. అదేమిటో రాధమ్మను అడుగు.

మంజుల పళ్లెం పెట్టింది. ముల్లా సాబ్ ఫాతెహా చదివాడు.

అందరూ తిని వెళ్లాక మంజుల గిన్నెలు తోముతూ అడిగింది, "వదినే, రేపు వనపర్తి పోయి అత్తను మాఫీ అడుగుతవా?"

"అన్నం చల్లారుతున్నది, ముందుగాల తిను," అన్నాను.

అక్క సాబిరా